పద్దు పుస్తకంలో రెండు ఖాళీలు

మా అత్తగారింట్లో ఒక పాత పద్దు పుస్తకం ఉంది. అట్ట ఎప్పుడో ఊడిపోయింది. ఆవిడ దాన్ని పాత తువ్వాల్లో చుట్టి బిస్కెట్ల డబ్బాలో దాచారు. అలాస్కాలో పామర్ అనే ఊరికి దగ్గర్లో ఉంటుంది వాళ్ళిల్లు. పెళ్ళయి నేను ఇక్కడికి వచ్చి 18 ఏళ్ళయింది. వచ్చిన మొదటి చలికాలంలోనే ఆవిడ ఆ పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. పెన్సిలుతో రాసిన తొమ్మిది పేర్లు, వాటి ఎదురుగా రెండు వరసల అంకెలు. కూలీల పేర్లేమో, అంకెలు వాళ్ళ కూలి డబ్బులేమో అనుకున్నాను.

"కుక్కలు," అన్నారావిడ. "మొదటి వరస నవంబరులో వాటి బరువు. రెండోది ఏప్రిల్లో తూచింది."

రెండో వరసలో ఏడు అంకెలే ఉన్నాయి.

ఆ రెండు ఖాళీల మీద పోయిన చలికాలం మా ఇంట్లో పెద్ద వాదన నడిచింది. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. బళ్ళో ఇంటి చరిత్ర రాసుకురమ్మన్నారు. ముత్తాతగారు, అంటే మా అత్తగారి నాన్నగారు, మంచు మీద జారే, చక్రాల్లేని కుక్కల బండి మీద కొండ గనులకి సామాను, టపా మోసిన మనిషి. అంతకంటే మంచి కథ ఎక్కడ దొరుకుతుంది? పిల్ల వాళ్ళ నానమ్మ పక్కన కూర్చుని రెండు రోజుల్లో ఆరు పేజీలు రాసింది. చదివి చూసిన మా ఆయన మేనమామ ఆ ఖాళీల కథ తీసేయమన్నారు. "చిన్నపిల్ల అందరి ముందూ నిలబడి మా నాన్న కుక్కని కాల్చి చంపాడని చెప్పడమేమిటి? నాన్న వాటిని ప్రాణంలా చూసుకున్నాడు. అసలు అట్లాంటిదేదీ నాతో ఎప్పుడూ చెప్పలేదు," అన్నారు. అత్తగారు, "నాతో చెప్పాడు," అన్నారు. ఎనభై దాటిన అక్కాతమ్ముళ్ళు రెండు వారాలు మాట్లాడుకోలేదు.

నేను అత్తగారి వైపు. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ పని ఎట్లాంటిదో చెప్పాలి. సినిమాల్లోనో, టూరిస్టుల ఫొటోల్లోనో కుక్కల బండిని చూసినవాళ్ళకి అందులో ఉన్న చాకిరీ కనిపించదు. నాకూ చాలా ఏళ్ళు కనిపించలేదు.

మా ఇంటి నుంచి ఉత్తరంగా చూస్తే తాల్కీట్నా కొండలు. అక్కడ విల్లో క్రీక్ అనే వాగు చుట్టూ ఉన్న గనుల్లో రాబర్ట్ హాచర్ అనే ఆయన 1906లో కొండ రాతి బంగారానికి మొదటి హక్కు రాయి పాతాడు. ఆయన పేరు మీదే ఆ కనుమని హాచర్ పాస్ అంటారు. వాగు ఇసకలో దొరికే బంగారానికి పార, పళ్ళెం, ఓపిక చాలు. ఇక్కడిది అట్లా కాదు, కొండ రాతిలో నరాల్లా పాకిన బంగారం. సొరంగం తవ్వాలి, రాయి పేల్చాలి, పిండి చెయ్యాలి, ఆ పిండిని పాదరసంతో కలిపి బంగారాన్ని పట్టుకోవాలి. అంటే డైనమైటు కావాలి, ఉక్కు కావాలి, పాదరసం కావాలి, ఇంతమంది మనుషులకి తిండి కావాలి. అవన్నీ చెట్లు కూడా పెరగనంత ఎత్తుకి చేరాలి.

అప్పట్లో ఈ గనులకి ఆధారం కినిక్ అనే రేవు ఊరు. కుక్ ఇన్‌లెట్ సముద్రపు పాయ కొసన ఉండేది. వేసవిలో పడవల మీద సరుకు అక్కడికి వచ్చేది, చలికాలం నీళ్ళు గడ్డకడితే పడవలు ఆగిపోయేవి. కినిక్ నుంచి గనుల వైపు ఒక బండ్ల బాట ఉండేది. 1917లో రైలు దారి ఆ బాటని దాటిన చోట వసిల్లా ఊరు పుట్టింది, కినిక్ ఖాళీ అయిపోయింది. ముత్తాతగారు బండి కట్టింది రైలు రాక ముందరి నాలుగైదు చలికాలాలు, ఆ తర్వాత వసిల్లా నుంచి మరికొన్నేళ్ళు.

గుర్రాలు లేవా అంటే ఉన్నాయి. బరువైన యంత్రాలన్నీ గుర్రాలే లాగాయి. ఆ మాట దాచి కుక్కలే అంతా మోశాయని చెప్పడం అబద్ధం. కానీ గుర్రం గట్టి బాట మీదే నడుస్తుంది. కొత్త మంచు నడుముదాకా పడితే డెక్కలు దిగబడిపోతాయి. పైగా గుర్రం తిండి ఓడలో రావాలి. గడ్డి, ఓట్స్ గింజలు కలిపి రోజుకి 20 పౌండ్ల పైనే తింటుంది, ఆ గడ్డిని మోయడానికే ఇంకో బండి కావాలి. కుక్క తిండి మాత్రం ఇక్కడి నదిలోనే ఈదుకుంటూ వస్తుంది. వేసవిలో సాల్మన్ చేపలు ఏరెక్కి వచ్చినప్పుడు పట్టి, చీల్చి, దండేల మీద ఎండబెడితే చలికాలమంతా సరిపోతుంది. ఆ సాల్మన్లలో ఒక రకాన్ని ఇప్పటికీ ఇక్కడ కుక్క సాల్మన్ అనే పిలుస్తారు. పద్దు పుస్తకంలో లెక్క ఇది: పని రోజున కుక్కకి రెండు పౌండ్ల ఎండు చేప. తొమ్మిదింటికి 18. పోను రాను నాలుగు రోజులైతే 72. అన్ని పౌండ్ల సరుకు తగ్గించుకోవాలన్నమాట. దూరం పెరిగేకొద్దీ బండి తన తిండిని తనే మోసుకోవడంతో సరిపోతుంది. అందుకే బాట పొడుగునా ఒక రోజు నడకకి ఒకటి చొప్పున పూటకూళ్ళ ఇళ్ళు వెలిశాయి. మనిషికి మంచం, కుక్కలకి గడ్డి పరిచిన కొట్టం, ఇద్దరికీ వేడి తిండి. ఎండు చేప దండిగా లేని చోట బియ్యం, మొక్కజొన్న పిండి, కొవ్వు కలిపి పెద్ద డేగిసాలో కుక్కలకి వండి పెట్టేవారట. ఇది విన్నప్పుడు మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "మన అన్నం అంత దూరం పోయిందా," అని ఆశ్చర్యపోయింది.

ఒక పేజీ నాకు కంఠతా వచ్చు. "మైదా 200. బీన్స్ 50. ఉప్పుపంది 60. కార్బైడ్ 50. టపా 30. పాదరసం 75." అన్నీ పౌండ్లు, కార్బైడ్ గని దీపాలకి. కింద గీత గీసి 465 అని కూడిక. పాదరసం ఇనప సీసాలో వచ్చేది. సీసా చూస్తే చెంబంత ఉంటుంది, బరువు 75 పౌండ్లు. అది బండిలో ఎక్కడ పెట్టాలన్నది పెద్ద విద్య. ముందు పెడితే బండి ముక్కు మంచులోకి దూరుతుంది, వెనక పెడితే మలుపులో ఈడ్చుకుపోతుంది. మధ్యలో, అడుగున, మైదా బస్తాల మధ్య బిగించి కట్టేవాడట. డైనమైటు ఒక బండిలో తీసుకెళ్తే దాన్ని రేపే గొట్టాలు ఆ బండిలో పెట్టకూడదు, వాటికి వేరే ప్రయాణం. ఆ రోజుల డైనమైటు మన చలికాలపు నెయ్యిలా తొందరగా గడ్డకట్టేది. గడ్డకట్టినదాన్ని గని దగ్గర మళ్ళీ వెచ్చబెట్టడంలో మనుషుల చేతులు, ప్రాణాలు పోయాయి. దాన్ని లాగుతున్న కుక్కలకి ఆ సంగతేమీ తెలియదు.

బండివాడు ఎక్కి కూర్చుంటాడనుకుంటాం. సరుకు బండి మీద కూర్చోవడమంటూ ఉండదు. బండి ముందు కుడి పక్కన ఒక గట్టి కర్ర పొడుచుకొచ్చి ఉంటుంది. గీ పోల్ అంటారు. మన ఎద్దుల బండికి నొగ ఎట్లాగో దీనికి అది అట్లాగ, తేడా ఏమంటే దాన్ని పట్టుకుని దారి తిప్పేది మనిషి. వెనక కట్టిన కుక్కకీ బండికీ మధ్య, మంచులో దిగబడని వెడల్పాటి మంచుబూట్లు కట్టుకుని, ఆ కర్ర పట్టుకుని నడుస్తాడు. జారి పడితే బండి అతని మీదుగానే పోతుంది. కొత్త మంచు పడిన రోజున ముందు తనొక్కడే వెళ్ళి మంచుబూట్లతో బాట తొక్కి, వెనక్కి వచ్చి, అప్పుడు కుక్కల్ని నడిపించాలి. అంటే కుక్కలు నడిచిన దూరానికి మూడింతలు మనిషి నడవాలి. "గీ" అంటే కుడికి, "హా" అంటే ఎడమకి. పగ్గాలు లేవు, కళ్ళేలు లేవు. అన్నిటికంటే ముందుండే కుక్క ఆ రెండు మాటలూ విని మిగతా ఎనిమిదింటినీ తిప్పాలి. మంచు కప్పేసి బాట కళ్ళకి ఆననప్పుడు అది పాదాలతో పాత బాట గట్టిదనం పట్టుకుని నడిచేది. ఆ విద్య ఎవరు నేర్పారు దానికి? దానికి ముందు నడిచిన ముసలి కుక్కే.

వెనక కట్టే కుక్కల్ని చక్రం కుక్కలంటారు, బండికి చక్రాలు లేకపోయినా. అవి అన్నిటికంటే పెద్దవి, బలమైనవి. బండి మంచుకి అతుక్కుపోతే మొదటి గుంజు వాటి భుజాల మీద పడుతుంది. దిగుడులో బండి తోసుకొస్తే మొదటి దెబ్బా వాటికే. అందుకే దిగుడు వచ్చే ముందు బండివాడు ఆగి, బండి కింది పట్టాలకి ఇనప గొలుసు చుట్టాలి. గొలుసు మంచుని గీరుకుంటూ బండిని పట్టి ఆపుతుంది.

మొదటి ఖాళీ కథ అదే. ఫిబ్రవరి నెల. పరీక్షకి పంపే రాతి సంచులతో ముత్తాతగారు కిందికి దిగుతున్నారు. చీకటి పడుతోంది, గొలుసు చుట్టడానికి పది నిమిషాలు పడుతుంది. చుట్టలేదు. నిన్నా మొన్నా దిగిన దిగుడే కదా అనుకున్నారు. బండి తోసుకొచ్చి ఎడం పక్క చక్రం కుక్క వెనక కాళ్ళు రెండూ విరిచేసింది. దాని పేరు డ్యూక్. నవంబరులో 94 పౌండ్లు. మైళ్ళ దూరంలో మనిషి లేడు, వైద్యుడు లేడు. ఆయన తుపాకీ తీశారు.

రెండోది నీళ్ళ వల్ల పోయింది. ఏరు పైన గడ్డకట్టి ఉంటుంది. కింది నుంచి నీళ్ళు ఒత్తిడికి ఎగదన్ని మంచుగడ్డ మీదికొచ్చి, పైనున్న మంచు కింద కనపడకుండా నిలుస్తాయి. ఎంతటి చలిలోనైనా ఇది జరుగుతుంది. అందులో కాలు పెడితే తడుస్తుంది, తడిసిన పాదం నిమిషాల్లో గడ్డకడుతుంది. అప్పటికప్పుడు ఆగి, నిప్పు రాజేసి, ఒక్కో కుక్క వేళ్ళ మధ్య చేరిన మంచు ముద్దలు పళ్ళతో కొరికి తీసేవారట. తొమ్మిదింటిలో ఎనిమిది బాగుపడ్డాయి.

మా అత్తగారికి ఆయన ఈ రెండూ చెప్పింది డెబ్భై దాటాక, ఒకే ఒక్కసారి. గొలుసు సంగతి చెబుతూ, "పది నిమిషాలు," అని రెండు మూడుసార్లు అన్నారట.

మేనమామగారు కాదనేది ఈ గొలుసు కథనే. ఆయన బాధ నాకు అర్థం కాకపోలేదు. తండ్రి మీద ప్రేమ ఉన్నవాళ్ళెవరూ ఆయన తప్పుని పిల్లల నోట వినాలనుకోరు. కానీ ఆయన వాదనలో ఇంకో ముక్క ఉంది, నాకు అసలు ఒప్పుకోబుద్ధి కానిది అదే. "ఈ కథ చెబితే కుక్కల బండి అంటేనే హింస అనుకుంటారు. దాని బదులు సీరం పరుగు కథ చెప్పమను, పిల్లలకి నచ్చుతుంది," అంటారు.

సీరం పరుగు తెలియనివాళ్ళకి: 1925 జనవరిలో నోమ్ అనే ఊళ్ళో పిల్లలకి కంఠవాతం, అంటే డిఫ్తీరియా, సోకింది. మందు రైల్లో నెనానా దాకా వచ్చింది. అక్కడి నుంచి 674 మైళ్ళు 20 మంది బండివాళ్ళు, దాదాపు 150 కుక్కలు చేతులు మార్చుకుంటూ ఐదున్నర రోజుల్లో చేర్చారు. చివరి మజిలీ లాగిన బాల్టో అనే కుక్కకి ఆ ఏడాది డిసెంబరులోనే న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహం పెట్టారు. అందరికంటే పొడుగు మజిలీ లియోన్‌హార్డ్ సెప్పాలా అనే బండివాడిది. ఆయన ముందుకుక్క టోగోకి అప్పటికి 12 ఏళ్ళు. మందు అందుకోవడానికి ఎదురెళ్ళింది, మందుతో 91 మైళ్ళు వెనక్కి వచ్చింది కలిపితే దాదాపు 260 మైళ్ళు. చనిపోయాక భద్రం చేసిన టోగో దేహం మా ఊరికి దగ్గరే, వసిల్లాలోని ఇడిటరాడ్ అనే కుక్కల బండ్ల పందెం కార్యాలయంలో అద్దాల పెట్టెలో ఉంది. మా అమ్మాయి ఆ అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డ ఫొటో మా ఫ్రిజ్ మీద ఉంది. ఆ కుక్కలంటే నాకు ఎంతో గౌరవం.

అయినా ఆ కథ మా కథని మింగేయడం నాకు ఇష్టం లేదు. ఆ ఐదున్నర రోజులు ఎట్లా సాధ్యమయ్యాయి? ఆ బాట మీద ఏళ్ళ తరబడి టపా బండ్లు తిరిగాయి కాబట్టి. పూటకూళ్ళ ఇళ్ళు ఉన్నాయి కాబట్టి. ఆ 20 మందిలో చాలామందికి ఆ దారి రోజూ వెళ్ళే దారి కాబట్టి. వాళ్ళలో ఎక్కువమంది అథబాస్కన్, ఇనుపియాట్ వంటి ఇక్కడి తెగలవాళ్ళు, వాళ్ళ పేర్లు ఈ ఊరి పిల్లలకి కూడా రావు. సెప్పాలా నోమ్‌కి వచ్చింది కూడా ఒక బంగారు గనుల కంపెనీలో పనికి. కుక్కలు తోలడం ఆయనకి అక్కడ అప్పగించిన కొలువు. మందు మోసిన కుక్కలు అంతకు ముందు వారం మైదా మోశాయి, ఆ తర్వాతి వారం మేకులు మోసి ఉంటాయి. విగ్రహం ఒక్క రోజుకి పెట్టారు. మా పద్దు పుస్తకం మిగతా రోజులది.

1911-12 చలికాలంలో ఇడిటరాడ్ అనే చోటి గనుల నుంచి కినిక్‌కి నాలుగు బండ్లలో 2,600 పౌండ్ల బంగారం వచ్చింది. లాగినవి 46 కుక్కలు. రెయినీ పాస్ అనే కనుమ ఎక్కి దిగి రావాలి ఆ దారిలో. పంచి చూస్తే కుక్కకి 56 పౌండ్ల బంగారం, దాని పైన తిండి, గుడారం, బండి బరువు వేరే. ఈ లెక్క మా అమ్మాయి వేసింది. వేసి, "ఒక్కో కుక్కా దాదాపు నా చిన్నప్పటి బరువంత బంగారం లాగిందమ్మా," అంది. నాకు ఏ విగ్రహం ముందూ కలగని గౌరవం ఆ మాట విన్నప్పుడు కలిగింది. బరువు చెబితే పిల్లలకి అర్థమవుతుంది. సాహసం అంటే చప్పట్లు కొట్టి మర్చిపోతారు.

ఇంకో మాట తరచూ వింటాను: "కుక్కలకి పరుగెత్తడం ఇష్టం. అవి సంతోషంగానే లాగాయి. దాన్ని చాకిరీ అనడం ఎందుకు?" ఇష్టమన్నది నిజమే. కాడి తొడగడానికి వెళ్తే ఇక్కడి కుక్కలు ఎగిరెగిరి ఊరంతా మోగేట్టు అరుస్తాయి. నా కళ్ళతో ఎన్నోసార్లు చూశాను. కానీ ఇష్టంగా చేసినంత మాత్రాన చాకిరీ చాకిరీ కాకుండా పోదు. మా నాన్న ఇష్టంగానే పొలం చేశాడు, నడుం అరిగిపోయింది. ఇష్టపడే జీవం దగ్గర పని తీసుకునేవాడికి బాధ్యత ఇంకా ఎక్కువ, ఎందుకంటే అది ఆగమన్నా ఆగదు. గొలుసు చుట్టాల్సింది మనిషే.

ఇప్పటి పందెం గురించి కూడా ఇక్కడ ఏటా తగువే. 1973లో మొదలైన ఇడిటరాడ్ పందెం దాదాపు వెయ్యి మైళ్ళు. హింస అని కొందరు, సంప్రదాయం అని కొందరు. ఆ తగువు నేను తీర్చలేను. ఒక్కటి మాత్రం అంటాను. రెండు పక్షాలవాళ్ళూ పాత రోజుల్ని పందెం కళ్ళతోనే చూస్తారు. ఆ రోజుల్లో వేగానికి విలువ లేదు. సరుకు కుక్కలు మనిషి నడకకి కొంచెం అటూఇటూగా నడిచేవి. ఇప్పటి పందెం కుక్క 50 పౌండ్ల లోపు ఉంటుంది, మా డ్యూక్ 94. మొదటి పందెం గెలిచింది మాత్రం డిక్ విల్‌మార్త్ అనే గని మనిషి. ఆయనకి 20 రోజులు పట్టింది. ఆ సంగతి మా అత్తగారు ఎంత గర్వంగా చెబుతారో.

పుస్తకం నిజాయితీగా ఉందని నేను అంటూంటే, దానిలో ఉన్న లోపం కూడా చెప్పాలి. కుక్కల పేర్లు తొమ్మిదీ ఉన్నాయి. చేపలు అమ్మిన మనిషి పేరు లేదు. "చేపలతనికి, 40 కట్టలు." "చేపలతనికి, మంచుబూట్లు రెండు జతలు." "చేపలతనికి, బండి పట్టా బాగు చేసినందుకు." అట్లా పేజీ తరవాత పేజీ. ఆయన దెనాయినా మనిషి అని అత్తగారికి తెలుసు. కినిక్ చుట్టుపక్కలంతా ఆ తెగవాళ్ళ నేల. ఏ వాగు ఎప్పుడు గడ్డకడుతుందో, ఏ వాలు మంచు విరిగి పడుతుందో ముత్తాతగారికి చెప్పింది ఆయనే. మంచు నీళ్ళలో తడిసిన కుక్క పాదాన్ని పళ్ళతో శుభ్రం చెయ్యడం నేర్పిందీ ఆయనే. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా ఈ ప్రాంతపు దెనాయినా పల్లెల్ని తుడిచిపెట్టినంత పని చేసింది. ఆ తర్వాతి పేజీల్లో "చేపలతనికి" అన్న మాట కనిపించదు. ఎండు చేప కొట్లో కొన్నట్టు రాసి ఉంది. మా అమ్మాయి ఆరు పేజీల్లో ఒక పేజీ మొత్తం ఆయన గురించి రాసింది. పేరు రాయాల్సిన చోట గీత గీసి వదిలింది. అందరూ చదవాలని నేను పట్టుబట్టింది ఆ పేజీ కోసం కూడా.

నాకెందుకింత పట్టుదల అని మా ఆయన అడిగారు. నేను పుట్టింది నెల్లూరు జిల్లాలో, గూడూరు దగ్గర. ఆ ప్రాంతమంతా అభ్రకం గనులు. మా తాత గనుల నుంచి గూడూరుకి ఎద్దుల బండి మీద అభ్రకం తోలాడు. చిన్నప్పుడు బాట పక్క మట్టి తవ్వితే తళతళలాడే రేకులు దొరికేవి, పుస్తకాల్లో పెట్టుకునేవాళ్ళం. తాత గురించి మా ఇంట్లో మిగిలింది ఒక్క వాక్యం: "మీ తాత బండి తోలేవాడు." ఎంత బరువు, ఎన్ని మైళ్ళు, ఆ ఎద్దుల పేర్లేమిటి, వాటిలో ఏది ఎట్లా పోయింది, ఎవరూ రాయలేదు. తాతకి రాత రాదు. ఆ అభ్రకం ఓడలెక్కి దేశాలు దాటింది, దాన్ని మోసిన ఎద్దుల పేరు మా ఊరే దాటలేదు. అట్లాంటి ఇంటి నుంచి వచ్చినదాన్ని. ఎదురుగా తూకాలతో, పేర్లతో, ఖాళీలతో సహా ఒక పుస్తకం ఉంటే, అందులో బాగున్నవి ఉంచి బాగాలేనివి చెరిపేద్దామంటే నా మనసు ఎట్లా ఒప్పుకుంటుంది? పోగొట్టుకున్నవాళ్ళకి తెలుస్తుంది రెండు ఖాళీల విలువ.

ఆ రోజులు ఎట్లా ముగిశాయో కూడా చెప్పాలి, మేనమామగారి వెర్షన్లో అదీ అందంగానే ఉంటుంది. 1924 ఫిబ్రవరిలో కార్ల్ బెన్ ఐల్సన్ అనే పైలట్ ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి మెక్‌గ్రాత్‌కి విమానంలో టపా చేర్చాడు. కుక్కల బండికి మూడు వారాలకి దగ్గరగా పట్టే దూరం, మూడు గంటల్లోపే చేరాడు. ఆ తర్వాత ఒక్కో దారే ఆగిపోయింది. విల్లో క్రీక్ గనుల దాకా లారీల బాట పడింది. 1941లో ఇండిపెండెన్స్ గనిలో 204 మంది పనిచేశారు, 34,416 ఔన్సుల బంగారం తీశారు. మరుసటి ఏడాదే యుద్ధం కోసం బంగారు గనులు ఆపేయమని ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది. కుక్కల టపా చిట్టచివరిది సెయింట్ లారెన్స్ ద్వీపంలో 1963 దాకా నడిచింది, నడిపినాయన పేరు చెస్టర్ నూంగ్‌వుక్.

పని పోయాక కుక్కలేమయ్యాయి? పని లేని కుక్కలకి రోజుకి అన్ని చేపలు ఎవరు పెడతారు? ముత్తాతగారు నాలిగింటిని వేటగాళ్ళకి ఇచ్చేశారు. రెండింటిని ఉంచుకున్నారు. మిగతావాటి సంగతి పుస్తకంలో లేదు, అత్తగారు అడగలేదు. పుస్తకం అక్కడితో ఆగిపోయింది.

చివరికి పిల్ల బళ్ళో ఆరు పేజీలూ చదివింది. కానీ అంతకు ముందు శనివారం జరిగింది చెప్పి ఆపుతాను.

465 పౌండ్లంటే ఎంతో చూడాలంది మా అమ్మాయి. స్నోమెషీన్, అంటే మంచు మీద నడిచే మోటారు బండి, దాని వెనక కట్టే చెక్క బండి ఒకటి పక్కింటివాళ్ళ దగ్గర తెచ్చాం. పొయ్యిలో వేసే చెక్క గుళికల సంచులు 40 పౌండ్లవి పదకొండు, సోనామసూరి బియ్యం సంచి 20 పౌండ్లది ఒకటి, ఐదు పౌండ్ల మైదా పొట్లం ఒకటి. సాయంత్రం సర్ది తాళ్ళు బిగించేసరికి చీకటి పడింది. రాత్రి మైనస్ 20 దాటింది. పొద్దున్నే పిల్ల, మా ఆయన, నేను ముగ్గురం తాడు భుజాన వేసుకుని గుంజాం. బండి కదల్లేదు. అత్తగారు కిటికీలోంచి చూస్తున్నారు. ఇంకోసారి గుంజాం. నా భుజం కలుక్కుమంది.

మేనమామగారి కారు ఎప్పుడొచ్చిందో చూసుకోలేదు. ఆయన కర్ర ఊతంతో నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి, తాడు పట్టుకున్న పిల్లని పక్కకి జరగమన్నారు. బండి ముందు మూల మీద రెండు చేతులూ వేసి, ముందుకి కాదు, పక్కకి ఒక్క తోపు తోశారు. కింద మంచు పటుక్కున విడిన చప్పుడు వినిపించింది.

"ముందు దీన్ని విడిపించాలి," అన్నారు పిల్లతో. "విడిపించకుండా లాగమంటే మొదటి గుంజుకే వెనకవాటి భుజాలు పోతాయి. నాన్న ఎప్పుడూ ముందు పక్కకి తోసేవాడు."

కాసేపు బండి ఎడం పక్కన మంచు వైపు చూస్తూ నిలబడ్డారు.

"డ్యూక్‌ని ఈ పక్కన కట్టేవాడట," అన్నారు.